దివ్య సంస్కారాలకు వేదాధారం: మా వియ్యంకుడు అడిగిన ప్రశ్న

గాంధారి, ఎల్లారెడ్డి, కామారెడ్డి ప్రాంతాలలో క్రైస్తవ బంధువర్గమంటే ఒకే సభకు చెందిన వారని అనుకోవడానికి వీలులేదు. ఇటు కతోలికులు, అటు సి.యస్.ఐ. వారు. మెదక్ మనకు ఎంతో దూరం కాదు. 1914లో మొదలై 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ జరుపుకున్న అక్కడి పెద్ద దేవాలయం నీడ మన పల్లెల మీద కూడ పడింది. ఈ మధ్య కాలంలో పెంతెకోస్తు సహవాసాలు కూడ ఊరూరా వెలిశాయి. పెళ్లిళ్లకు, చావులకు అందరమూ ఒకే పందిట్లో కూర్చుంటాము. కూర్చున్నచోట మాటలు వస్తాయి, మాటల్లో వేదం వస్తుంది.

మా ఇంటి పిల్లవానికి మెదక్ వైపు సి.యస్.ఐ. కుటుంబం నుండి పిల్లను మాట్లాడుకున్న రోజున అట్లే అయింది. భోజనాలయ్యాక, మాకు వియ్యంకుడు కాబోయే పెద్దమనిషి తమలపాకు మడుస్తూ నెమ్మదిగా అడిగారు: "బావా, మీరు సంస్కారాలు ఏడు అంటరు గదా. ఏడు అని బైబిల్లో ఏ అధ్యాయంల ఉన్నది?"

మాకు జవాబు రాలేదు. ఏడింటి పేర్లు వరుస తప్పకుండా చెప్పగలము. చిన్నప్పుడు ఉపదేశిగారు వేళ్ల మీద లెక్కపెట్టించి నేర్పినవే: జ్ఞానస్నానం, భద్రమైన అభ్యంగనం, దివ్యసత్ప్రసాదం, పాపసంకీర్తనం, వ్యాధిగ్రస్తుల అభ్యంగనం, గురుపట్టం, జ్ఞానవివాహం. కాని అవి వేదంలో ఎక్కడ ఉన్నాయో ఎవరూ చెప్పలేదు, మేము అడగలేదు. మా పెద్దల ఇంట్లో జపమాల ఉండేది, ప్రార్థనల పుస్తకం ఉండేది. బైబిలు ఉండేది కాదు. వియ్యంకుని ఇంట్లో మూడు తరాల నుండి బైబిలు ఉంది. ఆ తేడా ఆ పందిట్లో మాకు బాగా తెలిసివచ్చింది.

మాటకు మాట చెప్పి గెలవడానికి కాదుగాని, ఆ పిల్ల మా ఇంటికి వచ్చేలోపు మాకైనా తెలియాలని అప్పటినుండి చదవడం మొదలుపెట్టాము. పెళ్లి పెద్దలలో ఇంకొక మాట కూడ పుట్టింది గనుక ఆ అవసరం మరింత పెరిగింది. మా వైపు ఒక పెద్దాయన, "పిల్లకు మన గుడిలో మళ్లీ జ్ఞానస్నానం ఇప్పించాలె" అన్నారు. వాళ్ల వైపు ముఖాలు చిన్నబోయాయి. పసితనంలో వాళ్ల గుడిలో తండ్రి ఎత్తుకొని నిలబడగా పొందిన బాప్తిస్మం మరి ఏమైనట్టు?

ముందు పేరు సంగతి చూద్దాము. పాత కతోలిక ప్రార్థన పుస్తకాలలో సంస్కారాలను దేవద్రవ్యానుమానములు అన్నారు. ఇది తమిళ దేశంలోని గురువులు వాడిన పదానికి తోబుట్టువు. ఇప్పటి పిల్లలు ఈ మాట వింటే నవ్వుతారు; దేవుని డబ్బు మీద అనుమానమా అంటారు. నవ్వవలసిన పని లేదు. అనుమానమంటే మన వాడుకలో సందేహమేగాని, తర్కశాస్త్రంలో అది కనబడేదాని నుండి కనబడనిదానిని తెలుసుకోవడం. కొండమీద పొగ చూసి అక్కడ నిప్పు ఉందని గ్రహిస్తాము గదా, అదే అనుమానం. ద్రవ్యమంటే సంపద. కనబడే నీరు, నూనె, రొట్టె ద్వారా కనబడని దైవసంపదను గ్రహింపజేసేది అని అర్థం. అయిదవ శతాబ్దంలో పునీత అగుస్తీను చెప్పిన భావం కూడ ఇదే: వాక్యం పదార్థంతో కూడినప్పుడు సంస్కారం అవుతుంది. ఆ పాత మాటను వదులుకొని మనం కొంత నష్టపోయామని మా అభిప్రాయం.

లాటిను మాట సక్రమెంతుమ్‌కు మొదటి అర్థం వేరు. రోమను సైనికుడు చేరేటప్పుడు చేసే ప్రమాణం అది. సుమారు 112వ సంవత్సరంలో బితూనియా పాలకుడు ప్లీనీ చక్రవర్తి త్రాజానుకు వ్రాసిన ఉత్తరంలో, క్రైస్తవులు తెల్లవారకముందే కూడి, క్రీస్తును కీర్తించి, దొంగతనం, వ్యభిచారం చేయమని ఒట్టు పెట్టుకుంటారని తెలిపాడు. ఆ ఒట్టుకు వాడిన మాట ఇదే. తర్వాత ఆఫ్రికాలోని తెర్తుల్లియను, జ్ఞానస్నానం పొందినవాడు క్రీస్తు సైన్యంలో చేరినవాడన్న భావంతో ఆ పదాన్నే వాడాడు. గ్రీకులో దానికి బదులు మిస్తేరియోన్ అనే పదం ఉంది. మన తెలుగు బైబిలులో మర్మము అన్నది అదే. ఈ రెండు మాటలు కలిసిన చోట ఒక చిక్కు ఉంది, అది వివాహం దగ్గర చెబుతాము.

ఇక వియ్యంకుని ప్రశ్న. ఏడు అనే లెక్క బైబిలులో ఏ అధ్యాయంలోను లేదు. ఇది ఒప్పుకొని తీరాలి. మొదటి వెయ్యి సంవత్సరాలు శ్రీసభ ఈ పనులన్నీ చేసిందిగాని, కూర్చొని లెక్కపెట్టలేదు. అగుస్తీను ఈ పదాన్ని ఎన్నో పవిత్ర కార్యాలకు వాడాడు. 1141లో మరణించిన పారిసు నగరపు హ్యూ అనే మఠవాసి తీర్థజలాన్ని, విభూతిని కూడ ఈ పేరుతోనే పిలిచాడు. కొద్దికాలానికి అదే పారిసులో బోధించిన పీటరు లొంబార్డు, కృపకు గురుతుగా ఉండడమే కాక ఆ కృపను ఇచ్చేవి కూడ ఏవో వేరుచేసి ఏడు అని తేల్చాడు. 1274లో లియోను, 1439లో ఫ్లోరెన్సు, 1547 మార్చి 3న త్రెంతు మహాసభలు ఆ లెక్కనే స్థిరపరిచాయి. 1054 నాటి చీలికలో రోముకు దూరమైన తూర్పు ఆర్థడాక్సు సభలు కూడ ఏడు అనే చెబుతున్నాయి. ఇది మనం మరచిపోరాదు.

లెక్క తర్వాత వచ్చిందని ఆ వస్తువు తర్వాత పుట్టిందనడం కుదరదు. తల్లి తన పిల్లలను లెక్కపెట్టి కనదు గదా. ఇంకొక సంగతి. నూతన నిబంధనలో పుస్తకాలు 27 అని మన అందరి నమ్మకం. కతోలికులకూ అంతే, సి.యస్.ఐ. వారికీ అంతే. ఆ 27 అనే అంకె ఏ సువార్తలో ఉంది? 367లో అలెగ్జాండ్రియా పీఠాధిపతి అతనాసియుసు తన పాస్కా లేఖలో ఇప్పుడు మనకున్న 27 పుస్తకాలను వరుసగా పేర్కొన్నాడు. పుస్తకాలు అంతకు మూడు వందల ఏండ్ల ముందునుండే గుడులలో చదువబడుతున్నాయి. తర్వాత ఒకసారి వియ్యంకుని ఇంటికి పోయినప్పుడు ఈ మాట చెబితే, ఆయన కొంచెంసేపు ఊరకుండి, "మంచి ప్రశ్ననే అడిగినవు బావా, మా పాస్టరుగారిని అడగాలె" అన్నారు.

కాబట్టి వెదకవలసింది అంకెను కాదు, పనిని. అపొస్తలులు ఏమి చేశారో చూస్తే సంగతి తేటపడుతుంది.

జ్ఞానస్నానం గురించి తగవు లేదు. నీటి వలన, ఆత్మ వలన పుట్టనివాడు దేవుని రాజ్యంలో చేరలేడని ప్రభువు నికోదేముకు చెప్పారు (యోహాను 3:5). పెంతెకోస్తు నాడు పేతురు జనులను పశ్చాత్తాపపడి జ్ఞానస్నానం పొందమని కోరాడు (అపొస్తలుల కార్యములు 2:38). పసిపిల్లలకు ఇవ్వడం ఎక్కడుందని పెంతెకోస్తు సోదరులు అడుగుతారు. పసిబిడ్డ అనే మాట లేదుగాని, లూదియ తన ఇంటివారితోను, ఫిలిప్పీ చెరసాల అధికారి తన వారందరితోను జ్ఞానస్నానం పొందారని అదే పుస్తకం 16వ అధ్యాయంలో ఉంది. ఇల్లంటే మన పల్లెలలో ఎవరెవరో మనకు తెలుసు. తొట్టెలో పిల్లను వదిలి లెక్కించము.

రెండవదాని వద్ద మేము చాలాకాలం ఆగిపోయాము. భద్రమైన అభ్యంగనానికి ఆధారం బలహీనమని అనుకున్నాము. కాని అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయం 14 నుండి 17 వరకు చదివితే ఆశ్చర్యమేసింది. ఫిలిప్పు సమరియలో అందరికీ జ్ఞానస్నానం ఇచ్చాడు. అంతటితో పని అయిపోయిందని ఎవరూ అనుకోలేదు. యెరూషలేము నుండి పేతురు, యోహాను అంత దూరం నడిచి వచ్చారు, వారి మీద చేతులు ఉంచారు, అప్పుడు వారు పవిత్రాత్మను పొందారు. ఎఫెసులో పౌలు కూడ అంతే, ముందు నీరు, తర్వాత చేతులు (19:5-6). నేడు మన విచారణకు పీఠాధిపతులు వచ్చి పిల్లల నుదుట పరిమళ తైలం పూసేటప్పుడు జరిగేది సమరియకు అపొస్తలులు చేసిన ఆ ప్రయాణమే. తైలం తర్వాతి కాలపు చేర్పు, చేతులుంచడం అపొస్తలులదే.

దివ్యసత్ప్రసాదం గురించి ఇక్కడ పొడిగించము. కడరా భోజనం మూడు సువార్తలలోను ఉంది, పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి లేఖ 11వ అధ్యాయంలోను ఉంది. యోహాను 6వ అధ్యాయం ఎవరైనా ఇంట్లో కూర్చొని నింపాదిగా చదువవచ్చు. సుమారు 155లో పునీత జస్టిను రోములో ఆదివారపు ఆరాధనను వర్ణించాడు: లేఖనాల పఠనం, ప్రసంగం, ప్రార్థనలు, రొట్టె, నీరు కలిపిన ద్రాక్షరసం, రాలేనివారికి పరిచారకుల ద్వారా పంపడం. మన పూజకు వచ్చేవారు దానిని చదివితే మన గుడిని వర్ణించినట్టే ఉంటుంది.

పాపసంకీర్తనానికి మూలం పునరుత్థానమైన సాయంకాలం. ప్రభువు శిష్యుల మీద శ్వాస ఊది, మీరు ఎవరి పాపాలు క్షమిస్తే వారికి క్షమింపబడతాయని అధికారం ఇచ్చారు (యోహాను 20:22-23). అధికారం అప్పటిది, దానిని వాడిన తీరు మాత్రం కాలాన్నిబట్టి మారింది. మొదటి శతాబ్దాలలో ఘోరపాపులు అందరి ఎదుట, జీవితంలో ఒక్కసారే, ఏండ్ల తరబడి ప్రాయశ్చిత్తం చేసేవారు. భయపడి చాలామంది చావు ముందుకు వాయిదా వేసుకునేవారు. ఆరవ శతాబ్దం నుండి ఐర్లండు మఠవాసులు గురువు చెవిలో రహస్యంగా, ఎన్నిసార్లయినా చెప్పుకునే పద్ధతిని వ్యాపింపజేశారు. 1215లో లాతెరాను మహాసభ ఏడాదికి ఒకసారైనా చేయాలని విధించింది. ఈ మార్పులు దాచిపెట్టవలసినవి కావు. నాగలి మారినా సాగు ఆ పొలమే.

రోగులకు తైలం పూయడం మాకు అన్నిటికంటె దగ్గరగా తోచింది. శిష్యులు అనేక రోగులకు నూనె పూసి స్వస్థపరిచారని మార్కు 6:13లో ఉంది. మీలో ఎవరైనా రోగియైతే సభ పెద్దలను పిలిపించాలని, వారు ప్రభువు నామమున నూనె పూసి ప్రార్థించాలని, అతని పాపాలు కూడ క్షమింపబడతాయని యాకోబు 5:14-15లో స్పష్టంగా ఉంది. ఇంతకంటె తేటగా ఏ సంస్కారానికైనా వాక్యం ఉంటుందా? అయినా మన పల్లెలలో ఈ తైలమంటే భయం. ఫాదర్‌గారు నూనె డబ్బీతో ఇంట్లోకి వస్తే ఇక ఆశ లేదని ఆడవాళ్లు ఏడుపు ఎత్తుకునేవారు. తప్పు వారిది కాదు. నడిమి యుగాలలో దానిని చివరి క్షణానికి నెట్టి అవస్థ అభ్యంగనం అని పేరుపెట్టడం వలన వచ్చిన చిక్కు అది. యాకోబు చావబోయేవాడని అనలేదు, రోగి అన్నాడు. ద్వితీయ వాటికన్ మహాసభ 1963 డిసెంబరు 4న వెలువరించిన ఆరాధన పత్రంలో దీనికి వ్యాధిగ్రస్తుల అభ్యంగనమనే పేరే తగినదని చెప్పింది. 1972లో ఆరవ పౌలు పోపుగారు కొత్త క్రమాన్ని ఆమోదించారు. అంటే వేదం వైపు తిరిగి అడుగు వేశారన్నమాట.

నూనె మాట వచ్చింది గనుక, మన పాత నిజామాబాదు జిల్లాలోనే డిచ్‌పల్లిలో 1915లో వెస్లియన్ మిషనువారు కుష్ఠురోగుల ఆసుపత్రి తెరిచారు. అక్కడ డాక్టరు ఇసబెల్ కెర్ దొరసాని రోగులకు చాల్‌మూగ్ర జాతి గింజల నూనెను సూదిమందుగా ఇచ్చేవారు. వారి సభ తైలాన్ని సంస్కారంగా లెక్కించదు. అయినా ఊరి బయటకు నెట్టబడిన వారిని చేత్తో తాకి, నూనెతో వైద్యం చేశారు. యాకోబు లేఖ చదివినప్పుడల్లా మాకు డిచ్‌పల్లి గుర్తుకు వస్తుంది.

గురుపట్టానికి, తిమోతి మీద పౌలు చేతులు ఉంచినందువలన కలిగిన దేవుని వరాన్ని మళ్లీ రగిలించుకొమ్మన్న మాట ఆధారం (2 తిమోతి 1:6).

ఇక వివాహం దగ్గరి చిక్కు. భార్యాభర్తల ఐక్యతను క్రీస్తుకు, సభకు ఉన్న బంధంతో పోల్చి, ఇది గొప్ప మర్మమని పౌలు ఎఫెసీయులకు వ్రాశాడు (5:31-32). లాటిను బైబిలులో ఆ మర్మానికి సక్రమెంతుమ్ అని పెట్టారు. దానిని చూపి, బైబిలే వివాహాన్ని సంస్కారమన్నదని నడిమి యుగాల పండితులు వాదించారు. ఇది అనువాదం మీద కట్టిన వాదమని పదహారవ శతాబ్దంలో ఎరాస్మసు వంటి గ్రీకు తెలిసినవారు చూపించారు. ఆ విమర్శ న్యాయమే. ఆ ఒక్క పదాన్ని పట్టుకొని మనం వాదించరాదు. పట్టుకోవలసింది పోలికను. ఇద్దరి కాపురం క్రీస్తు ప్రేమకు గురుతు కాగలదని పౌలు అన్నాడు. దేవుడు జతపరచినవారిని మనిషి విడదీయరాదని ప్రభువే అన్నారు (మత్తయి 19:6). పదం పోయినా పునాది మిగిలింది.

ఈ ఏడు ఇద్దరి మధ్య రెండుగా ఎట్లా మారాయి? 1520లో లూథరు వ్రాసిన గ్రంథం దీనికి మొదలు. చిత్రమేమంటే, ఆ పుస్తకం మొదట్లో ఆయన మూడు అన్నాడు: జ్ఞానస్నానం, పాపపరిహారం, ప్రభువు భోజనం. చివరికి వచ్చేసరికి పాపపరిహారానికి కంటికి కనబడే గురుతు లేదని రెండే అన్నాడు. క్రీస్తు నోటి మాట, దానితోపాటు కనబడే గురుతు, ఈ రెండూ ఉండాలని ఆయన కొలత. యాకోబు లేఖ మీద ఆయనకు గౌరవం తక్కువ. 1522లో దానిని గడ్డిపరకతో పోల్చాడు. 1784లో జాన్ వెస్లీ మెథడిస్టుల కోసం కుదించిన 24 సూత్రాలలోను రెండే ఉన్నాయి. మెదక్ ప్రాంతానికి సువార్త తెచ్చినవారు ఆ వెస్లియనులే. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు వారి సభలు అందులో కలిశాయి. అప్పటికి మన హైదరాబాదు సంస్థానం ఇండియాలో కలవనేలేదు. సభలు దేశంకంటె ఏడాది ముందే కలిశాయి!

రెండు అన్నవారు మిగిలిన అయిదు పనులను మానుకోలేదు. వారి గుడిలోను పెళ్లి దేవుని ఎదుటనే జరుగుతుంది, బిషప్పుగారు చేతులుంచి పిల్లలను స్థిరపరుస్తారు, పాస్టరుకు అభిషేకం ఉంది, రోగి మంచం దగ్గర ప్రార్థన ఉంది. ఆ పనులకు సంస్కారమనే పేరు చెల్లుతుందా లేదా అన్నదే తగవు. ఇది చిన్న తగవని మేము అనము. ఆ పనిలో ప్రభువు తప్పక పనిచేస్తాడా అన్న ప్రశ్న దాని లోపల ఉంది, మేము అవునని నమ్ముతాము.

ఇంతకు పిల్ల సంగతి. మళ్లీ జ్ఞానస్నానం ఇవ్వాలా అన్న తగవు 256లోనే వచ్చింది. చీలిపోయిన వర్గాలవారు ఇచ్చిన స్నానం చెల్లదని, వచ్చినవారికి మళ్లీ ఇవ్వాలని కార్తేజులో పునీత సిప్రియను తన పీఠాధిపతులందరితో తీర్మానించాడు. రోములో పోపు స్తెఫాను, అట్లా కాదు, చేతులుంచి చేర్చుకోండి చాలు అన్నాడు. ఇద్దరూ పునీతులే; ఇద్దరూ గట్టిగా మాట్లాడుకున్నారు. సిప్రియను 258లో వేదసాక్షిగా తలనిచ్చాడు. చివరకు శ్రీసభ స్తెఫాను మాటనే పాటించింది. ఇచ్చేవాడు మనిషైనా స్నానం క్రీస్తుది అని అగుస్తీను తర్వాత విడమరచి చెప్పాడు. 1983 నాటి శ్రీసభ ధర్మశాస్త్రం 869వ సూత్రం కూడ ఇదే చెబుతుంది: నీటితో, పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున పొందిన స్నానం ఏ సభలో జరిగినా, గట్టి అనుమానం ఉంటే తప్ప మళ్లీ ఇవ్వరాదు.

విచారణ గురువులు ఈ మాటే మా పెద్దాయనకు చెప్పారు. ఆయన వెంటనే ఒప్పుకోలేదు. "మరి మనకూ వాళ్లకూ తేడా ఏమున్నది?" అని రెండు రోజులు అలిగారు. ఆ కోపంలో కూడ న్యాయం ఉంది. తన విశ్వాసం చౌకబడుతున్నదని ఆయన బాధ. గురువులు ఆయనను కూర్చోబెట్టి, "పెద్దయ్యా, ఆమెకు మళ్లీ నీళ్లు పోస్తే, ఆనాడు ప్రభువు చేసిన పని అబద్ధమని మనం అన్నట్టు గదా" అన్నారు. ఆయన పిల్ల తరపు ఉత్తరం తెప్పించమన్నారు.

మెదక్ వైపు నుండి ఆ గుడి రిజిస్టరు నకలు వచ్చింది. అందులో బాప్తిస్మపు తేది, తల్లిదండ్రుల పేర్లు, పాస్టరు సంతకం ఉన్నాయి. తానుగా కోరుకున్న మీదట ఆమె మన విశ్వాసప్రమాణం చెప్పింది, చేతులుంచడం, తైలం పొందింది, ఆ పూజలోనే సత్ప్రసాదం తీసుకుంది. సమరియలో పేతురు, యోహాను వచ్చి చేసినది ఆమె విషయంలో ఇక్కడ జరిగినట్టు మాకు తోచింది.

ఏడాదిన్నరకు మనుమరాలు పుట్టింది. జ్ఞానస్నానం రోజున వియ్యంకుడు పొద్దున్నే బస్సు దిగి వచ్చారు, చంకలో తన బైబిలు ఉంది. కతోలికుడు కాని జ్ఞానస్నాతుడు జ్ఞానతండ్రి కాలేడుగాని, కతోలిక జ్ఞానతండ్రి పక్కన సాక్షిగా నిలబడవచ్చునని ధర్మశాస్త్రం అనుమతిస్తుంది. గురువులు ఆయనను ముందుకు పిలిచారు. నీళ్లు పోసేటప్పుడు పిల్ల తల కింద చెయ్యి పట్టినవారిలో ఆయన ఒకరు. తర్వాత రిజిస్టరులో సాక్షి అని వ్రాసి ఉన్నచోట సంతకం చేసి, కళ్లద్దాలు సర్దుకొని, పై పంక్తులన్నీ ఒకసారి చదివి చూశారు.